పేరెరుగని పామును పోల్చుకొనుట

వరంగల్లు చుట్టుపట్ల నేల పాములకు మిక్కిలి అనుకూలమైనది. ఇచ్చట గ్రానైటు గుట్టలు, వాని నడుమ తుమ్మ, రేగు పొదలు, వర్షాధారపు చెలకలు, పత్తి, మిరప చేలు, చెరువుల క్రింద వరిమళ్లు ప్రక్కప్రక్కనే యున్నవి. ఎండిన రాతినేలను కోరు పాము, తడినేలను కోరు పాము ఒకే గ్రామపు పొలిమేరలో కనబడుటకు ఇదియే కారణము. తొలకరి పడిన పిమ్మట ఏదో ఒక దినమున పదిమంది గుమిగూడి, ఒక పామును చూచుచు దాని పేరును గూర్చి వాదించుట మన గ్రామములలో సాధారణము. ఒకరు కట్లపాము అందురు. మరియొకరు కాదందురు. మూడవవాడు కర్ర తెచ్చును. కర్ర వచ్చిన పిమ్మట వాదము ముగియును గాని ప్రశ్న తీరదు. ఆ పాము ఏది? దానికి విషమున్నదా, లేదా? ఏ గుర్తును బట్టి చెప్పగలము?

ఈ ప్రశ్న మన జిల్లాతో ముగియునది కాదు. తెలంగాణమునుండి జీవనోపాధికై గల్ఫు దేశములకు వెళ్లిన వారు వేలకు వేలు ఉన్నారు. మన కళాశాల విద్యార్థులలో తండ్రియో, అన్నయో, మేనమామయో అచ్చట పనిచేయని కుటుంబములు తక్కువ. ఊరిలో నాలుగు పాములను పేరుపెట్టి పిలువగలిగినవాడు ఎడారి ఇసుకలో ఒక క్రొత్త పాము ఎదురైనపుడు తన ఊరి పేర్లనే దానికి తగిలించును. ఆ పేరు అచ్చట సరిపడకపోవచ్చును. కావున పేరును వల్లించుట వేరు, పామును పోల్చుకొనుట వేరు అను భేదమును మొదటనే గ్రహింపవలెను.

ఈ భేదమును మన తెలుగునేల మీదనే, రెండు వందల సంవత్సరములకు పూర్వమే, ఒక వైద్యుడు పరిశోధనకు విషయముగా చేసికొనెను. అతడు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండు దేశీయుడు. సిరియాలోని అలెప్పో నగరమున చాలకాలము వైద్యుడుగా నుండి, అచ్చటి ప్లేగు వ్యాధిని గూర్చి గ్రంథము వ్రాసినవాడు. అరబ్బీ మాటలాడు నగరములో వైద్యము చేసి, ఆ పిమ్మట తెలుగు మాటలాడు తీరమునకు వచ్చిన ఈ మనిషి చరిత్ర మన కళాశాల వంటి చోట చదువదగినది. 1781లో తన సోదరుడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున పదవి లభింపగా పాట్రిక్ అతనితో వచ్చెను. 1785లో కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మరణింపగా ఆ స్థానమున కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమింపబడెను. మొక్కలు, చేపలు, పాములు మూడింటిని సేకరించెను గాని, పాముకాటు వలన జనులు మరణించుట చూచి పాములపై ప్రత్యేక శ్రద్ధ వహించెను.

అతని యెదుటనున్న చిక్కు ఊహింపదగినది. ఆనాటికి ఈ దేశపు పాములకు శాస్త్రీయమైన పట్టిక లేదు. పట్టి తెచ్చినవారు చెప్పిన పేరు తప్ప వేరు ఆధారము లేదు. ఒక ఊరివారు చెప్పిన పేరును ప్రక్క ఊరివారు ఒప్పుకొనకపోవచ్చును. భయము వలన ప్రతి పామునకు విషము అంటగట్టుట అప్పుడును ఉండెను. రస్సెల్ రెండు పనులు చేసెను. మొదటిది, వినిన తెలుగు పేరును విన్నట్లుగా రోమను లిపిలో వ్రాసికొని, ప్రతి పామునకు చిత్రము గీయించి, పొలుసులను లెక్కించెను. రెండవది, పేరును నమ్మక నోటిని తెరచి విషకోరలు కలవో లేవో చూచెను. కుక్కలమీద, కోళ్లమీద కాటును పరీక్షించి ఫలితములను వ్రాసెను. ఈ రెండవ పని నేటివారికి క్రూరముగా తోచును. ఆనాడు వేరు మార్గము లేకుండెను. భయపెట్టిన పాములలో నిజముగా ప్రాణాంతకమైనవి కొద్దియే యని తేలుట ఆ శ్రమకు ఫలము. పాముకాటునకు ఆనాడు ప్రసిద్ధిగాంచిన తంజావూరు మాత్రలను గూడ అతడు పరీక్షకు పెట్టెను. వానిలో పాషాణము చేరియుండెను.

1789లో అతడు ఇంగ్లండునకు తిరిగి వెళ్లెను. కోరమాండల్ తీరపు పాములను గూర్చిన అతని గ్రంథము 1796లో వెలువడెను. విశాఖపట్టణమున సేకరించిన రెండు వందల చేపల గ్రంథము 1803లో వచ్చెను. 1805లో మరణించెను. ఆ పాముల గ్రంథమును తెరచిన తెలుగువాడు ఆశ్చర్యపడక మానడు. చిత్రముల శీర్షికలుగా బంగారు పాము, కాటుకరేకుల పొడ, పెద్దపొడ, బొద్రుపాము, గెడి పరగుడు, హొరట్టా పాము అను మాటలు ఆంగ్లాక్షరములలో కనబడును. కొన్నింటికి అర్థము వెంటనే తెలియును. కొన్నింటిని విదేశీయుని చెవి, ఆంగ్ల వర్ణక్రమము కలిసి ఎంత మార్చినవో చెప్పుట కష్టము. భాషాశాస్త్ర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశము కాగలదు.

ఈ పేర్లు ఆ గ్రంథముతోనే ఆగిపోలేదు. రస్సెల్ చిత్రములను ఆధారముగా గైకొని జర్మను శాస్త్రజ్ఞుడు ష్నైడర్ 1801లో అనేకమైన పాములకు లాటిను పేర్లు పెట్టెను. మన కట్లపామునకు శాస్త్రీయ నామకరణము విశాఖపట్టణపు "గెడి పరగుడు" చిత్రమును బట్టి జరిగినది. రంపపు పొలుసుల చిన్న పింజరికి నామకరణము ఆర్ణి ప్రాంతమునుండి వచ్చిన "హొరట్టా పాము"ను బట్టి జరిగినది. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల జాతికంతటికిని "బుంగారస్" అను పేరు పెట్టెను. అది మన "బంగారు" అను మాటయే. పసుపు పచ్చని పట్టెలు గల పామును మనవారు బంగారు పామనిరి. ఆ మాట నేడు ప్రపంచములోని ప్రతి జంతుశాస్త్ర గ్రంథములో నిలిచియున్నది.

రక్తపింజరి సంగతి మరింత చిత్రమైనది. రస్సెల్ దానిని కాటుకరేకుల పొడ అని వ్రాసి, ప్రాణాపాయములో నాగుపాము తరువాత దానినే చెప్పెను. 1797లో అతని గౌరవార్థము దానికి రస్సెల్ పేరు పెట్టబడెను. 1842లో గ్రే అను శాస్త్రజ్ఞుడు దాని జాతికి "దబోయా" అని పేరు పెట్టెను. హిందుస్తానీలో దబ్‌నా అనగా అణగి పొంచియుండుట. ఇట్లు ఒక పాము శాస్త్రనామములో సగము ఉర్దూవారి నోటిమాట, సగము తెలుగునేల మీద పనిచేసిన వైద్యుని పేరు చేరినవి. రెండు భాషల పత్రికకు ఇంతకంటె తగిన పాము దొరుకుట కష్టము.

ఇక పోల్చుకొను విధమునకు వత్తము. ముందుగా జనులు నమ్ము గుర్తులను పరిశీలింపవలెను, ఏలయన అపాయము అజ్ఞానము కంటె అర్ధజ్ఞానములో ఎక్కువ కలదు. తల ముక్కోణముగా నున్నచో విషసర్పమందురు. రక్తపింజరి విషయములో అది నిజమే. కాని నాగుపాము తల, కట్లపాము తల ముక్కోణములు కావు. ఈ రెండును మనుష్యులను చంపునవి. దీనికి విరుద్ధముగా విషము లేని నీరుకట్టె బెదరినపుడు తలను వెడల్పుచేసి ముక్కోణముగా చూపును. కంటిపాప నిలువుగా నున్నచో విషమందురు. కొండచిలువకును, ఇసుకలో దాగు బోవాలకును నిలువుపాపయే. నాగుపామునకు గుండ్రని పాప. రంగు చూచి చెప్పుదమన్నచో, ఒకే జాతిలో రంగులు మారును. కుబుసము విడుచుటకు ముందు ప్రతి పాము మాసినట్లు కనబడును. రెండు గాట్లు పడినచో విషము, అనేక గాట్లు పడినచో కాదు అను మాట అన్నిటికంటె ప్రమాదకరమైనది. కట్లపాము కాటులో గాటు అసలే కనబడకపోవచ్చును. నొప్పియు నుండదు. రాత్రి నేలపై నిదురించినవాడు తెల్లవారుజామున కడుపునొప్పి యనుచు లేచును, కనురెప్పలు వాలిపోవును, అదియే మొదటి గుర్తు కావచ్చును.

అట్లయిన నమ్మదగినది ఏది? ఆకారము, రంగు మారినను మారనిది పొలుసుల అమరిక. భారతదేశములో సైనిక వైద్యుడుగా పనిచేసిన ఫ్రాంక్ వాల్ 1907లో విషసర్పములను సామాన్యులు పోల్చుకొనుటకై ఒక చిన్న గ్రంథము వెలువరించెను. మాల్కం స్మిత్ 1943లో ఈ ప్రాంతపు పాములన్నిటిని గూర్చి బృహద్గ్రంథము వ్రాసెను. ఇరువురి పద్ధతియు పొలుసులపైననే ఆధారపడినది. దాని క్రమము ఇట్టిది. మొదట తోక చూడవలెను. తెడ్డువలె ప్రక్కలకు అణగియున్నచో అది సముద్రపు పాము, విషము కలదు. మన జిల్లాలో ఆ ప్రశ్న రాదు. పిమ్మట పొట్ట చూడవలెను. పొట్టమీది పలకలు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కవరకు పూర్తిగా వ్యాపింపక నడుమనే ఇరుకుగా నున్నచో అది కొండచిలువయో, బోవాయో, గ్రుడ్డిపామో యగును, విషము లేదు. పలకలు పూర్తి వెడల్పున నున్నచో తల చూడవలెను. తలమీద పెద్ద కవచముల వంటి పొలుసులకు మారుగా ఒంటిమీద వలెనే చిన్న చిన్న పొలుసులు నిండియున్నచో అది పింజరి.

తలమీద పెద్ద పొలుసులే యున్నచో రెండు పరీక్షలు మిగులును. వెన్ను నడుమ ఒక వరుస పొలుసులు మిగిలినవానికంటె పెద్దవై ఆరుకోణములు కలిగి, తోక క్రింది పలకలు చీలక ఒంటివిగా నున్నచో కట్లపాము. పై పెదవి మీది మూడవ పొలుసు ఒక వైపు కంటిని, మరియొక వైపు ముక్కురంధ్రము గల పొలుసును తాకుచున్నచో నాగుపాము వర్గము. పడగ విప్పినను విప్పకున్నను ఈ గుర్తు మారదు. చచ్చిన నాగుపాము పడగ విప్పదు గదా. కావున ఈ పరీక్షకు విలువ కలదు.

ఇట్లు చదివినపుడు సులభముగా తోచును. చిక్కు వచ్చునది పోలిక గల జంటలలో. మన యిండ్లలో తరచుగా కనబడు ఒక చిన్న పామును ఆంగ్లములో తోడేలుపాము అందురు. గోడలెక్కి బల్లులను తినును. గోధుమరంగు ఒంటిమీద తెల్లని పట్టెలుండుట వలన కట్లపామని చంపబడునది ఇదియే. విషము లేదు. రెండింటికిని భేదము పట్టెలలోనే కొంత తెలియును. తోడేలుపామునకు పట్టెలు మెడ దగ్గర స్పష్టముగా నుండి తోక వైపునకు పోనుపోను మాసిపోవును. కట్లపామునకు దీనికి విరుద్ధము: మెడ దగ్గర పట్టెలు లేకయో, చుక్కలుగానో యుండి, వెనుకకు పోనుపోను తేటపడును, సన్నని తెల్లగీతలు తరచు జంటలుగా నుండును. కాని నిశ్చయము పట్టెలతో కాదు, వెన్ను పొలుసులతో. తోడేలుపామునకు వెన్ను వరుస మిగిలిన వరుసలతో సమానము. నడిమి ఒంటిమీద పదునేడు వరుసలు. కట్లపామునకు సాధారణముగా పదునైదు, అందు నడిమి వరుస పెద్దది. మరియొక సూక్ష్మభేదము కూడ కలదు. ముక్కు పొలుసునకును కంటి ముందటి పొలుసునకును నడుమ తోడేలుపామునకు ఒక చిన్న పొలుసు ఉన్నది. కట్లపామునకు, నాగుపామునకు అది లేదు.

ఎండిన నేలలో ముఖ్యమైన జంట వేరు. చిన్న పింజరి మూరెడు పొడవు దాటుట అరుదు. మన రాతి చెలకలలో రాతి క్రింద, ఎండుటాకులలో, కలబంద మొదళ్లలో పడియుండును. దానిని చూచి ఎండిన తాటిముక్క యనుకొనుట సులభము. వేదాంతులు త్రాడును చూచి పామనుకొనుటను భ్రాంతికి ఉదాహరణగా చెప్పిరి గాని, పొలములో పనిచేయువానికి దీనికి విపర్యయమైన భ్రాంతియే ఎక్కువ హాని చేయును. దాని ప్రక్క పొలుసులమీద నడిమి గట్టు రంపపు పళ్లవలె గరుకుగా నుండును. బెదరినపుడు ఒంటిని ఎనిమిది అంకెవలె చుట్టి, ఆ పొలుసులను ఒకదానితో నొకటి రాచి, వేడి పెనముపై నీరు చిలికినట్టి చప్పుడు చేయును. తలమీద బాణపు ములుకునో, పక్షి అడుగునో పోలిన లేతరంగు గుర్తు కలదు. దీనిని పోలినది పిల్లిపాము. దానికిని గోధుమరంగు, నిలువు కంటిపాప, తలమీద ఆంగ్లపు వై అక్షరము వంటి గుర్తు, బెదరినపుడు చుట్టచుట్టి ఎగురు స్వభావము ఉన్నవి. దాని స్వల్ప విషము మనుష్యులకు అపాయము కలిగింపదు. తల చూచినచో సందేహము తీరును: పిల్లిపాము తలమీద పెద్ద కవచపు పొలుసులు, పింజరి తలమీద గరుకైన చిన్న పొలుసులు. పిల్లిపాము సన్నగా, పొడవుగా నుండును; మెడ మరీ సన్నము.

రక్తపింజరికి పోలిక ఇసుకలో దాగు ముతక పొలుసుల బోవాతో. దాని మీదను ముదురు మచ్చలుండుట వలన ఇది విషసర్పమని చావుదెబ్బలు తినును. దీని తోక పొట్టిగా నుండును, కన్ను చిన్నది, పొట్ట పలకలు ఇరుకు. రక్తపింజరికి వీపుమీద మూడు వరుసల గొలుసుకట్టు మచ్చలు, పెద్ద ముక్కురంధ్రములు, కుక్కరువలె బుసకొట్టు పెద్ద చప్పుడు గలవు. రెండు పింజరులలో ఏది యన్న సందేహము వచ్చినపుడు తోక క్రింది పలకలు తీర్పు చెప్పును: రక్తపింజరికి జంటలు, చిన్న పింజరికి ఒంటివి.

పొలుసులు లెక్కించుట బ్రతికియున్న పామువద్ద చేయు పని కాదని వేరుగా చెప్పనక్కరలేదు. ఇది ప్రయోగశాలలోని నమూనాకును, పొలములో దొరకిన కుబుసమునకును చెందినది. కుబుసములో పొలుసుల అచ్చు పూర్తిగా నిలిచియుండును. కట్లపాము వెన్ను వరుస అందులోనే కనబడును. అయితే నేటి చరవాణి కెమెరాలు ఈ విద్యకు క్రొత్త వసతి కల్పించినవి. మూడు నాలుగు గజముల దూరమునుండి తీసిన ఛాయాచిత్రమును పెద్దదిచేసి చూచినచో తలమీది పొలుసులు, వెన్ను వరుస తెలియును. రస్సెల్ చిత్రకారునిచేత గీయించి చూచినదానిని విద్యార్థి క్షణములో చూడగలడు. దగ్గరగా పోవుటకు మాత్రము ఇది అనుమతి కాదు. చంపిన పామును చేతబట్టుట కూడ ప్రమాదమే; తెగిన తల సైతము కొంతసేపటివరకు కరువగలదు.

ఇప్పుడు ఎడారికి పోదము. ఎడారిలో జంతువులకు దాగుటకు చెట్టుచేమలు తక్కువ, నేల కాలును, ఆహారము అరుదు. అందుచేత అచ్చటి పాములనేకములు పరస్పర బంధుత్వము లేకున్నను ఒకే పోలికకు వచ్చినవి: ఇసుకరంగు, పొట్టి ఒడలు, కండ్లు తప్ప మిగిలినదంతయు ఇసుకలో పూడ్చుకొను అలవాటు, జారు ఇసుకపై ప్రక్కవాటుగా ప్రాకు నడక. మన చిన్న పింజరియు ఈ నడక నడువగలదు. దాని బంధువే థార్ ఎడారిలోను, పాకిస్తానులోను, ఒమాన్, ఐక్య అరబ్బు ఎమిరేటులలోను ఉన్నది. 1969లో దానికి సోచురెకి అను ఉపజాతి పేరు పెట్టిరి. అది మన దక్షిణాది పింజరికంటె పెద్దదిగా పెరుగును. ఊరిలో దానిని ఎరిగినవాడు ఎడారిలోను పోల్చుకొనగలడు. ఇది ఒకటే అతనికి కలిసివచ్చు పరిచయము.

మిగిలినవి క్రొత్తవి. అరేబియా ఇసుకలో కొమ్ముల పింజరి కలదు. కంటిమీద నిటారుగా లేచిన పొలుసు కొమ్మువలె నుండును. కొమ్ము లేనిచో అపాయము లేదనుకొనుట తప్పు. అదే జాతిలో కొమ్ములు లేనివియు విరివిగా నున్నవి. కువైట్, సౌదీ ప్రాంతములలో నిగనిగలాడు నల్లని పామొకటి ఉన్నది. మనవాడు దానిని చూచి జెర్రిపోతుతో పోల్చును. అది నాగుపాము కుటుంబమునకు చెందిన ఎడారి విషసర్పము. మన త్రాచువలె వెడల్పైన పడగ పట్టదు. ఇసుకలోనుండి కండ్లు మాత్రము పైకి పెట్టి చూచు మరియొకటి బోవా. కండ్లు తలపైననే యుండుట వలన వింతగా భయంకరముగా కనబడును, విషము లేదు. ఈ చివరి పామును 1888లో బులాంజె వర్ణించి జయకర్ పేరు పెట్టెను. ఆత్మారామ్ జయకర్ మస్కట్‌లో దీర్ఘకాలము వైద్యుడుగా పనిచేసిన భారతీయుడు. ఆయనయే పదునాలుగవ శతాబ్దమునకు చెందిన అద్దమీరీ అరబ్బీ జంతుకోశము "హయాతుల్ హయవాన్"ను ఆంగ్లమునకు అనువదించెను. వైద్యము, అరబ్బీ పాండిత్యము, పాముల సేకరణ ఒక్కనియందు కలియుట రస్సెల్‌తోనే ముగియలేదని దీనివలన తెలియుచున్నది.

పోల్చుకొనుట యెందులకు? కుతూహలము ఒక కారణము; అది చాలినంత కారణమే. ప్రాణరక్షణ మరియొకటి. మన దేశములో వాడు ప్రతివిషపు సూదిమందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగింటి విషములకు కలిపి గుర్రముల రక్తమునుండి తయారుచేయబడును. కావున ఈ ప్రాంతములో కాటువేసిన పాము ఏదని తేలువరకు చికిత్స ఆగనక్కరలేదు. వైద్యుడు రోగి లక్షణములను చూచును. రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన గాజునాళికలో ఇరువది నిమిషములు కదపక యుంచి, గడ్డకట్టనిచో పింజరి విషమని గ్రహించును. రెప్పలు వాలుట, మింగలేకుండుట త్రాచు, కట్లపాముల లక్షణములు. పామును వెదకి చంపి తెచ్చుటకు గంట గడపుట వలన రోగికి గంట నష్టము, చంపబోయినవానికి రెండవ కాటు లాభము!

అయితే ఈ మందునకు ఎల్లలు కలవు. దానికి కావలసిన విషములో అధికభాగము 1978లో స్థాపింపబడిన తమిళనాడు ఇరులర్ల సహకార సంఘము సేకరించునది. దక్షిణాది పాముల విషముతో చేసిన మందు రాజస్థాన్ ఎడారిలోని సోచురెకి పింజరికి, సింధు కట్లపామునకు అంతగా పనిచేయదని పరిశోధకులు గుర్తించిరి. పేరు ఒకటే యైనను ప్రాంతమును బట్టి విషము మారును. అరేబియాలో రియాద్ నగరమున ఆ ప్రాంతపు పాములకు తగిన ప్రతివిషము వేరుగా తయారగుచున్నది. కావున గల్ఫులోనున్న మనవారు కాటు పడినపుడు ఊరినుండి ఆకుమందు అడుగుట మాని, అచ్చటి ఆసుపత్రికే పోవలెను. పాము ఛాయాచిత్రము దొరకినచో అచ్చటి వైద్యునికి మనకంటె ఎక్కువ ఉపకరించును.

ఇది చిన్న విషయము కాదు. 2000 నుండి 2019 వరకు భారతదేశములో పాముకాటు వలన పండ్రెండు లక్షల మంది, అనగా ఏటేట సుమారు 58,000 మంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసెను. ఎక్కువ మరణములు గల రాష్ట్రములలో తెలంగాణముతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో చేర్చెను. 2024లో భారత ప్రభుత్వము 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గించు ప్రణాళికను ప్రకటించెను. మరణించినవారిలో అధికులు గ్రామీణులు. మంత్రగాని యొద్ద గడచిన సమయము ఈ లెక్కలలో వేరుగా కనబడదు గాని, వైద్యులందరును దానినే ముందుగా చెప్పుదురు.

కాటు పడినపుడు చేయవలసినది స్వల్పము. రోగిని కదలనీయక ధైర్యము చెప్పవలెను. కరచిన కాలికో చేతికో ఎముక విరిగినపుడు కట్టినట్లు బద్ద కట్టి, ఉంగరములు, కడియములు, పట్టీలు తీసివేయవలెను. త్రాటితో బిగించి కట్టుట, గాటు కోయుట, నోటితో పీల్చుట కూడదు. 108 వాహనమును పిలిచి, మన జిల్లావారైనచో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి గాని, ప్రతివిషము లభించు సమీపపు ఆసుపత్రికి గాని చేర్చవలెను.

కళాశాల కార్యవర్గము వారికి ఒక విన్నపము. విద్యార్థులలో పలువురు గ్రామములనుండి వచ్చుచున్నారు. సెలవులలో పొలముపనికి పోవుచున్నారు. ఎండకాలమున నేలపైననే నిదురించుచున్నారు. దోమతెర, చేతిదీపము కట్లపాము కాటును చాలవరకు తప్పించునన్న మాట వారి యిండ్లకు చేరవలసియున్నది. జంతుశాస్త్ర శాఖ గోడమీద నాలుగు విషసర్పముల చిత్రములతో ఒక పటము తెలుగు, ఉర్దూ లిపులలో వ్రాయించి పెట్టినచో ఖర్చు స్వల్పము. దాని ప్రతి యొకటి వసతిగృహపు భోజనశాలలో నుండుట మేలు, ఏలయన ప్రయోగశాలకు రాని కళావిభాగపు విద్యార్థులును అచ్చటికి మూడు పూటల వత్తురు. ఆ పటములో కట్లపాము ప్రక్కనే తోడేలుపామును, చిన్న పింజరి ప్రక్కనే పిల్లిపామును, రక్తపింజరి ప్రక్కనే బోవాను వేయించవలెను.